వేతనమా, పొదుపా?

‘విశ్రాంతి వేతనం’ తత్పురుష సమాసం. అందులో ఉత్తరపదమైన ‘వేతనం’ ప్రధానం. పింఛను దయాదానం కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మా చెరుకుపల్లి వైపు నాబోటి పాత పంతుళ్లకు పూర్తి సర్వీసుంటే చివరి మూలవేతనంలో సగం పింఛను. 2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారికి రాష్ట్రప్రభుత్వం సీపీయస్ పెట్టింది. మూలవేతనం, కరువుభత్యాలలో 10 శాతం కోత. ప్రభుత్వ వాటా అంతే. ఆ నిధి మార్కెట్టును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. విరమణనాడు 60 శాతం దాకా చేతికి. మిగిలినదానితో నెలసరి పింఛను కొనుక్కోవాలి.

బడి ఒకటే, పాఠం ఒకటే. చేరిన తేదీని బట్టి వేతనం పొదుపైపోయింది. లోటు పూరించి సగం మూలవేతనానికి హామీనిచ్చే బిల్లును 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించింది. పొదుపొక్కటే చాలదనుటకు అంతకన్న సాక్ష్యమేల?