జనరల్ నర్సమ్మ: మాచనూరు రాత్రి ప్రసారములు

నైజాము రాష్ట్రమున తెలుగు చరిత్ర వ్రాయువారు 1930 మార్చిలో జరిగిన జోగిపేట సభను విస్మరింపజాలరు. సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభయు, నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు అచ్చటనే జరిగెను. ఈ యుద్యమమునకు మూలము 1921 నవంబరున హైదరాబాదునందు జరిగిన యొక అవమానము. ఆలంపల్లి వేంకటరామారావుగారు నిండుసభలో తెలుగున ప్రసంగింప లేచినంతనే శ్రోతలు గేలిచేసిరి. తన యూర తన భాషలో నోరు విప్పుటయే నాటి సమస్య. జోగిపేటలో ఆ సమస్య కొంత తీరినది. కాని సభ కెక్కిన తెలుగు చదువుకొన్నవారి తెలుగు. ఆ జిల్లా పొలములలో కలుపు తీయు స్త్రీల తెలుగునకు వేదిక కావలసియే యుండెను.

రేడియో ఆ వేదిక కాలేదు. హైదరాబాదు రేడియోను 1935లో నైజాము ప్రభుత్వము స్వాధీనపఱచుకొన్నది, ఉర్దూకే అగ్రస్థానము. 1950 ఏప్రిలు 1న అది ఆలిండియా రేడియోలో చేరినది. తరువాత గ్రామస్థుల కార్యక్రమములు వచ్చినవి, నిజమే. అయినను ఎవరు మాటలాడవలెనో నిర్ణయించువారు నగరమున నుండిరి. ప్రసారతరంగములు ప్రజల యాస్తియని 1995 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు చెప్పినది. ప్రభుత్వేతర సంస్థలకు రేడియో నడుపు అవకాశము 2006 నవంబరున గాని లభింపలేదు.

ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో నొకరగు పి. బి. సావంతుగారే 2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతమందలి మాచనూరున సంగం రేడియోను ప్రారంభించిరి. దానిని నడుపు బాధ్యత దళిత స్త్రీలది. వారిలో ముఖ్యురాలు జనరల్ నర్సమ్మ. అల్గోల్ నర్సమ్మ ఆమెకు తోడు. జనరల్ నర్సమ్మ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి పచ్చసాలెలో చదువుకొన్నది. అనుమతి రాకముందే, ఇంచుమించు పదేండ్లు, యునెస్కో సాయముతో నేర్పడిన స్టూడియోలో ఈ స్త్రీలు మాటలును పాటలును రికార్డు చేసి, ఆ టేపులను సంగముల కూటములలో వినిపించుచుండిరి. ప్రసారము లేని ప్రసారకర్తలుగా గడచిన ఆ యేండ్లే నర్సమ్మకు నిజమైన శిక్షణయని నా యభిప్రాయము. శ్రోత ఎదుటనే కూర్చుండి విసుగుకొన్నచో దాచుట కేమున్నది?

90.4 మెగాహెర్ట్‌జ్‌పై తొలినాళ్ల ప్రసారవేళ రాత్రి 7 మొదలు 9 వఱకు. నగరమున కది సాయంకాలము. పొలమునుండి వచ్చి పొయ్యి రాజేసిన స్త్రీకి దినాంతము. పాశ్చాత్యదేశములలో అర్ధరాత్రి రేడియోలో ముచ్చటించువాడు నిద్రపట్టని యేకాకిని పలుకరించును. ఇచ్చట ముచ్చట ఇల్లంతటికిని చెందినది. పునాస, యాసంగి పంటలు, విత్తనములు దాచు పద్ధతులు, తిండి, జబ్బులు, పండుగపాటలు - ఇవియే విషయములు. తెలిసినవారిచే చెప్పించుటయే నర్సమ్మ నేర్చిన విద్య. ఆమె విద్వాంసురాలివలె బోధింపదు.

భాషాభ్యాసకులకు ఆ రేడియో పేరే యొక పాఠము. గ్రంథములలోని ‘సంఘము’ ఇచ్చటి నోట మహాప్రాణము విడిచి ‘సంగం’ అయినది. ‘శాల’ ‘సాలె’ అయినది. తీరాంధ్రమున చోళ్లు, రాగులు అనబడు ధాన్యము ఇచ్చట తైదలు. ఈ రూపములను దిద్దక బోర్డుపైకి, గాలిలోనికి ఎక్కించుట సామాన్యమైన నిర్ణయము కాదు. 1921లో గేలిచేయబడినది తెలుగు. తరువాతి కాలమున గేలిచేయబడినది ఈ తెలుగే, అదియు తెలుగువారిచేతనే.

ఈ స్త్రీలకు దన్నుగా నిలిచిన పి. వి. సతీశుగారు 2023 మార్చిలో దివంగతులైరి. తొలి టేపులకు పాతికేండ్లు నిండినవి. అప్పు డఱువదేండ్ల వయసున మైకు ముందు కూర్చున్న పెద్దమ్మకు నేడు ఎనుబదియైదు దాటవలెను. ఆమె పలికిన పైరుల పేళ్లు మన నిఘంటువులలో నెన్ని చేరినవో సరిచూచుటకు మొదట ఆ టేపులను విని వ్రాసికొనవలెను. జోగిపేటనుండి జహీరాబాదు వఱకుగల యే కళాశాలలోనైనను ఒక పరిశోధకవిద్యార్థి చేయదగిన పని యిది.