ఒక కొండ రాష్ట్రం కథ: వెర్మాంట్‌లో ఊళ్లు ఎలా నిండాయి, ఎలా ఖాళీ అయ్యాయి

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఏదైనా రాయమని సంపాదకవర్గం కోరింది. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఉండి వచ్చిన ఒక చిన్న రాష్ట్రం చరిత్ర రాస్తున్నాను. అది అమెరికా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దులో ఉన్న వెర్మాంట్. అంత దూరపు చరిత్రతో మన బడికి ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ పని ఏమిటో చివర్లో మనవి చేస్తాను.

ముందు కొలతలు. వెర్మాంట్ విస్తీర్ణం సుమారు 24,900 చదరపు కిలోమీటర్లు. విడిపోకముందరి మన అనంతపురం జిల్లా 19,130. అంటే రాష్ట్రమంతా కలిపి మన పాత జిల్లా కంటే కొంచెం పెద్దది. జనాభా మాత్రం 2020లో 6,43,077. మన జిల్లాలో 2011 నాటికే 40 లక్షలు దాటారు కాబట్టి, అక్కడి జనం మనవాళ్లలో ఆరో వంతు కూడా లేరు. అక్కడి పెద్ద నగరం బర్లింగ్టన్. అందులో ఉండేది 45 వేల మంది, మన గుంతకల్లు జనంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. రాజధాని మాంట్‌పీలియర్‌లో ఎనిమిది వేల మంది. జనంలో దాదాపు మూడింట రెండు వంతులు పల్లెల్లోనే ఉన్నారు.

గొర్రెల కాలం

1777లో వెర్మాంట్ తనంతట తాను స్వతంత్రం ప్రకటించుకుంది. 1791లో పద్నాలుగో రాష్ట్రంగా అమెరికాలో చేరింది. అప్పుడు 85 వేల జనం. దక్షిణాన మసాచుసెట్స్, కనెటికట్‌లలో భూమి చాలక చిన్న కొడుకులు ఈ కొండల మీదికి వచ్చి, అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టారు. 1810 నాటికి జనాభా 2,17,895. ఇరవై ఏళ్లలో రెండున్నర రెట్లు.

ఆ తరవాత గొర్రె వచ్చింది. స్పెయిన్ దేశం తన మెరినో గొర్రెలను శతాబ్దాలపాటు బయటికి పోనివ్వలేదు. నెపోలియన్ దండయాత్రలో ఆ కట్టడి తెగింది. లిస్బన్‌లో అమెరికా కాన్సల్‌గా ఉన్న విలియం జార్విస్ వేల గొర్రెలను కొని ఓడల్లో పంపించి, 1811లో కొన్నిటిని వెర్మాంట్‌లోని తన పొలానికి తోలుకొచ్చాడు. న్యూ ఇంగ్లండ్‌లో అప్పుడే ఉన్ని మిల్లులు లేస్తున్నాయి. విదేశీ ఉన్ని మీద ప్రభుత్వం సుంకం వేసింది. రాళ్ల నేలలో గోధుమ కంటే గడ్డి బాగా వస్తుంది. ఇన్ని కారణాలు కలిసి, 1840 నాటికి ఆ రాష్ట్రంలో సుమారు 17 లక్షల గొర్రెలు తేలాయి. జనం 2,91,948. మనిషికి దాదాపు ఆరు గొర్రెలు.

మేత కోసం కొండశిఖరాల దాకా చెట్లు కొట్టేశారు. రాష్ట్రంలో ముప్పాతిక భాగం బోడిదైంది. మట్టి కొట్టుకుపోయి వాగులు పూడాయి. ఇది చూస్తూ పెరిగిన జార్జ్ పెర్కిన్స్ మార్ష్ అనే వెర్మాంట్ వాడు, మనిషి ప్రకృతిని ఎలా పాడుచేస్తున్నాడో 1864లో ఒక పుస్తకం రాశాడు. పర్యావరణ శాస్త్రానికి తొలి గ్రంథాల్లో దాన్ని లెక్కిస్తారు.

ఉన్ని వైభవం ఒక తరం కూడా నిలవలేదు. 1825లో ఈరీ కాలువ తెరుచుకుని పడమటి మైదానాల సరుకు తూర్పు మార్కెట్లకు రావడం మొదలైంది. 1846లో సుంకం తగ్గింది. మైదానంలో మేపిన గొర్రె ఉన్నితో కొండమీది ఉన్ని ధరలో పోటీపడలేకపోయింది. గొర్రెలను నమ్ముకుని చిన్న రైతుల భూములన్నీ కొన్న పెద్ద రైతులు ఆ గొర్రెలను కసాయికి అమ్ముకున్నారు. భూములు అమ్ముకున్న చిన్న రైతులు అప్పటికే పడమటికి బండి కట్టారు.

మన జిల్లాలో లక్షల ఎకరాల్లో శెనక్కాయ ఒక్కటే వేసిన ఏళ్లు గుర్తున్నవారికి ఇందులో వింతేమీ కనిపించదు. ఒక్క పంట, ఒక్క ధర, ఒక్క వాన మీద జిల్లా బతుకంతా ఆధారపడితే ఏమవుతుందో మన పెద్దలు బెంగళూరు బస్సులెక్కి చెప్పారు.

నూరేళ్లు కదలని అంకె

1850లో వెర్మాంట్ జనాభా 3,14,120. నూరేళ్ల తరవాత 1950లో 3,77,747. ఇదే కాలంలో అమెరికా జనాభా రెండు కోట్ల ముప్పై లక్షల నుంచి పదిహేను కోట్లు దాటి ఆరు రెట్లకు పైగా పెరిగింది.

అంకె కదలలేదంటే మనుషులు కదలలేదని కాదు. పైప్‌లైనులో ఒత్తిడి మారలేదని నీరు పారడం లేదనుకుంటే ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. 1860 నాటికే వెర్మాంట్‌లో పుట్టినవారిలో పదిమందికి నలుగురు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. అంతర్యుద్ధానికి 34 వేల మంది వెళ్లి ఐదు వేలకు పైగా చనిపోయారు. వెళ్లినవాళ్ల చోటుకు ఇతరులు వచ్చారు. క్యూబెక్ నుంచి ఫ్రెంచి మాట్లాడేవాళ్లు వినూస్కీ బట్టల మిల్లులకు, ఇటలీ, స్కాట్లండ్‌ల నుంచి రాతిపనివాళ్లు బ్యారీ గ్రానైటు గనులకు చేరారు. కొండల మీది ఊళ్లు ఖాళీ అవుతుంటే లోయల్లో మిల్లులున్న ఊళ్లు నిండాయి. మొత్తం కూడితే అంకె అక్కడే ఉంది.

యంత్రాల విషయంలో ఆ చిన్న రాష్ట్రం చేసిన పని ఇంజనీరుగా నన్ను బాగా ఆకట్టుకుంది. విండ్సర్ అనే చిన్న ఊళ్లో రాబిన్స్ అండ్ లారెన్స్ అనే కంపెనీ, ఒక తుపాకీ భాగం మరో తుపాకీకి అచ్చంగా సరిపోయేలా యంత్రాలతో తుపాకులు చేసింది. 1851 లండన్ ప్రదర్శనలో వాటిని చూసిన బ్రిటిష్ ప్రభుత్వం తన ఎన్‌ఫీల్డ్ కర్మాగారానికి ఆ కంపెనీ యంత్రాలు తెప్పించుకుంది. 1857 పాఠంలో మనం చదివిన ఎన్‌ఫీల్డ్ అదే. ఆ పక్కనే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ నూరేళ్లు మెషిన్ టూల్స్‌కు పేరుమోసింది. అక్కడి ఇంజనీరు జేమ్స్ హార్ట్‌నెస్ 1921లో రాష్ట్రానికి గవర్నరయ్యాడు. ఆ కర్మాగారాలు తరవాత మూతబడ్డాయి.

పాల కాలం

గొర్రె పోయాక రైతులు ఆవును నమ్ముకున్నారు. రైలు రావడంతో వెన్న, ఆ తరవాత పాలు బోస్టన్‌కు వెళ్లాయి. మంచుగడ్డలు పెట్టిన రైలు పెట్టెల్లో సెయింట్ ఆల్బన్స్ వెన్న 1850ల్లోనే పట్నం చేరేది. గొర్రె ఉన్నికి దూరం అడ్డుకాదు కాబట్టి మైదానాలు గెలిచాయి. పాలు తొందరగా విరిగిపోతాయి కాబట్టి దగ్గరున్నవాడు గెలిచాడు. వెర్మాంట్‌లో మనుషుల కంటే ఆవులే ఎక్కువని 1960ల దాకా చెప్పుకున్నారు.

1940ల చివర్లో అక్కడ పదకొండు వేల పాడి క్షేత్రాలుండేవి. ఈరోజు కొన్ని వందలే. పాల ఉత్పత్తి తగ్గిందా అంటే లేదు, అప్పటికంటే ఎక్కువే. మధ్యలో జరిగింది ఏమిటంటే, పాలను క్యాన్లలో కాకుండా ఉక్కు ట్యాంకులో చల్లబరచి నిలవ చేయాలని 1950ల్లో కొనుగోలుదారులు షరతు పెట్టారు. శుభ్రత కోణంలో అది మంచి షరతే. కానీ పది, పదిహేను ఆవులున్న రైతుకు ట్యాంకు ఖర్చు గిట్టలేదు. ట్యాంకరు లారీ కొండమీది మట్టిరోడ్డు ఎక్కలేదు. ఏ ప్రభుత్వమూ చిన్న రైతును పొమ్మనలేదు. ఒక సాంకేతిక ప్రమాణం ఆ పని చేసింది. కొలతలు, ప్రమాణాలు రాసే వృత్తిలో ఉన్న మన పూర్వ విద్యార్థులందరూ ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

రైతు వదిలేసిన భూమిలో అడవి తిరిగి మొలిచింది. ఒకప్పుడు ముప్పాతిక భాగం బోడిగా ఉన్న రాష్ట్రంలో ఇప్పుడు ముప్పాతిక భాగం అడవే. ఆ అడవిలోని మేపుల్ చెట్ల పాకం అమెరికా మొత్తం ఉత్పత్తిలో దాదాపు సగం. మనం తాటిచెట్టు కల్లు గీసినట్టే, వాళ్లు శీతాకాలం చివర చెట్టుకు బెజ్జం వేసి నీరు పట్టి, కాచి పాకం చేస్తారు.

రోడ్డు, చిప్పు, మంచు

1957లో ఐబీఎం సంస్థ బర్లింగ్టన్ పక్కన ఎసెక్స్ జంక్షన్‌లో అడుగుపెట్టింది. క్రమంగా అది సెమీకండక్టర్ చిప్పుల కర్మాగారంగా పెరిగి ఎనిమిది వేల మందికి పైగా పని ఇచ్చింది. అదే దశకంలో జాతీయ రహదారుల పని మొదలైంది. బోస్టన్, న్యూయార్క్ నుంచి కొన్ని గంటల ప్రయాణం కావడంతో మంచుకొండల మీద స్కీయింగ్‌కు జనం పోటెత్తారు. నగర జీవితం విసిగి సేద్యం చేద్దామని వచ్చిన యువతరం వేరు. 1960లో 3,89,881 ఉన్న జనాభా 1980లో 5,11,456 అయింది. నూరేళ్లలో రానిది ఇరవై ఏళ్లలో వచ్చింది.

ఈ వేగానికి భయపడిన రాష్ట్రం 1968లో రోడ్ల పక్కన ప్రకటనల బోర్డులు నిషేధించింది. 1970లో పెద్ద నిర్మాణాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది. కొండలు, ఊళ్లు అందంగా మిగిలాయి. దాంతోపాటు ఇళ్లు కట్టడం కష్టమై ధరలు పెరిగాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే. పైగా అక్కడి ఇళ్లలో దాదాపు ఆరింట ఒకటి బయటివాళ్లు సెలవులకు వచ్చి పోయే ఇల్లు. కిటికీలు వేసి ఉన్న ఆ ఇళ్ల పక్కన బడి పంతులమ్మకు అద్దె ఇల్లు దొరకదు.

ఐబీఎం తన కర్మాగారాన్ని 2015లో గ్లోబల్‌ఫౌండ్రీస్‌కు అప్పగించింది. ఉద్యోగాలు అంతకుముందే బాగా తగ్గాయి. పుట్టుకల రేటు అమెరికాలోనే అతి తక్కువ స్థాయికి వచ్చింది. కొన్నేళ్లుగా పుట్టేవారి కంటే చనిపోయేవారు ఎక్కువ. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు మా రాష్ట్రానికి వచ్చి ఉంటే పది వేల డాలర్ల దాకా ఇస్తామని 2018లో చట్టం చేశారు. నేపాలీ మాట్లాడే భూటాన్ శరణార్థులు, సోమాలియా, బోస్నియాల నుంచి వచ్చినవాళ్లు బర్లింగ్టన్, వినూస్కీ బళ్లలో కొత్త పిల్లలుగా చేరారు.

బడి దగ్గరికి

ఇక మన సంగతి. వెర్మాంట్ బళ్లలో 1990ల చివర లక్ష దాటిన పిల్లల సంఖ్య పాతికేళ్లలో 90 వేల లోపుకు పడిపోయింది. చిన్న బళ్ల యాజమాన్యాలను కలపడానికి 2015లో చట్టం వచ్చింది. అక్కడ ప్రతి మార్చిలో ఊరి సభ జరుగుతుంది. బడి బడ్జెటును ప్రజలే ఓటు వేసి ఆమోదిస్తారు. 2024లో దాదాపు మూడింట ఒక వంతు బడ్జెట్లు ఓడిపోయాయి. పిల్లలు తగ్గినా కప్పు, బస్సు, ఉపాధ్యాయుడి జీతం తగ్గవు. తలకు ఖర్చు పెరుగుతుంది, పన్ను పెరుగుతుంది, బడి మీద ఊరికి విసుగు పుడుతుంది. బడి మూసిన ఊరికి పిల్లలున్న కుటుంబం కొత్తగా రాదు.

మన రాష్ట్రంలో 2019-21 సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.7. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. దానికి వలస, ప్రైవేటు బడి బస్సు తోడయ్యాయి. మన బడి హాజరుపట్టీ ఏటా పలచబడుతోందని ఇప్పటి ఉపాధ్యాయులు చెబుతున్న మాట మనందరం విన్నదే. పెనుకొండ దగ్గర 2019లో కార్లు తయారుకావడం మొదలైంది. అది మనకు మంచి రోజే. అయితే ఒక్క కర్మాగారం ఊళ్లన్నిటినీ నింపదని ఎసెక్స్ జంక్షన్ చెబుతోంది.

వెళ్లిపోయినవాళ్లను ఏడాదికోసారి ఊరికి పిలిచే పండుగను పొరుగు రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ గవర్నర్ ఫ్రాంక్ రోలిన్స్ 1899లో మొదలుపెట్టాడు. వెర్మాంట్ కూడా త్వరలోనే అందుకుంది. ఒక రకంగా అవి మన పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకు అన్నలు. భోజనాలు, ఉపన్యాసాలు, చందాలు అన్నీ ఉండేవి. ఆ ఊళ్లకు గ్రంథాలయాలు, స్మారక చిహ్నాలు మిగిలాయి. వలస మాత్రం ఆగలేదు. పని, రోడ్డు, చదువు ఉన్నచోటే జనం నిలిచారు.

చదువు విషయంలో వెర్మాంట్ చేసిన మేలు మనదాకా వచ్చింది. జస్టిన్ మారిల్ ఒక కమ్మరి కొడుకు. పదిహేనో ఏట బడి మానేసి కొట్లో పనికి చేరాడు. కాంగ్రెస్ సభ్యుడయ్యాక, రాష్ట్రాలకు ప్రభుత్వ భూమి ఇచ్చి, దాన్ని అమ్మిన డబ్బుతో సేద్యం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు పెట్టే చట్టం తెచ్చాడు. 1862లో లింకన్ సంతకం చేశాడు. అలా పుట్టిన వాటిలో కాన్సస్ స్టేట్ ఒకటి. 1964లో హైదరాబాదులో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు సాయపడింది ఆ కాన్సస్ స్టేటే. మన సంఘంలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన మిత్రులకు ఆ కమ్మరి కొడుకుతో దూరపు బంధుత్వం ఉంది.

స్వర్ణోత్సవ నిధితో బడికి ముఖద్వారం, ఆర్చి కట్టాలన్న ప్రతిపాదన సంఘం ముందుంది. కట్టాలనేవాళ్ల అభిమానాన్ని నేను కాదనను. నా మనవి రెండు మాటలు. మొదటిది, ఈ యాభై ఏళ్లలో పదో తరగతి దాటినవాళ్లు ఎవరెక్కడ ఉన్నారో, ఏం చేస్తున్నారో బ్యాచ్‌ల వారీగా ఒక రిజిస్టరు తయారుచేద్దాం. ఎవరు, ఎందుకు, ఎప్పుడు వెళ్లారో తెలియకుండా ఊరి భవిష్యత్తు గురించి మాట్లాడుకోవడం కొలత తీయకుండా పునాది తవ్వడమే. రెండోది, నిధిలో ఎక్కువ భాగం చుట్టుపక్కల పల్లెల పిల్లలు బడికి వచ్చిపోయే బండికి, సైన్సు ల్యాబుకు ఉంచుదాం. ఆర్చి వచ్చే ఏడు కట్టుకోవచ్చు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన ఆడపిల్లను వచ్చే ఏడు వెనక్కి తేవడం కష్టం.

సర్వసభ్య సమావేశంలో ఈ రెండు ప్రతిపాదనలనూ చర్చకు పెట్టమని అధ్యక్ష కార్యదర్శులను కోరుతున్నాను. రిజిస్టరు పని ఎవరు చేస్తారన్న ప్రశ్న వస్తే, మా బ్యాచ్ వరకు పేర్లు సేకరించే బాధ్యత నాది.