పచ్చబొట్టు – ఆనవాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల సంగతీ యుద్ధాల సంగతీ రాయడానికి నాకంటే చదువుకున్నవారు మనలో చాలామంది ఉన్నారు కదా అనుకున్నాను. నాకు తెలిసిన చరిత్ర సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో ఉంటుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, ఆ తరువాత శరీరంపై ఆనవాళ్ళు. ఆ చివరి గడి గురించే ఈ నాలుగు మాటలు.

పదో తరగతి సర్టిఫికెట్టు కోసం హెడ్మాస్టరుగారు మన చొక్కాలు విప్పించి పుట్టుమచ్చలు వెతికించడం అందరికీ గుర్తుండే ఉంటుంది. రెండు మచ్చలు దొరక్క బిక్కమొహం వేసినవాళ్ళూ ఉన్నారు. చదువుకున్నవాడి ఆనవాలు పుట్టుమచ్చ. బడి ముఖం చూడని ఆడవాళ్ళు కుటుంబ పింఛను కోసం వచ్చినప్పుడు మాత్రం మేము ఎక్కువగా రాసింది ఒకటే మాట: పచ్చబొట్టు.

మా విజయనగరం వైపు పల్లెల్లో నా చిన్నతనంలో, అంటే 1950ల చివర, పచ్చబొట్టు లేని ముసలమ్మ అరుదు. మా నాయనమ్మకు కనుబొమల మధ్య ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క, ఎడమ ముంజేతి మీద తేలు, దాని చుట్టూ ముగ్గులాగా చుక్కల వరుసలు ఉండేవి. "తేలెందుకే నాయనమ్మా?" అని అడిగితే, తేలు కుట్టదని వాళ్ళమ్మ పొడిపించిందట. కుట్టిందా లేదా అంటే, రెండుసార్లు కుట్టిందని నవ్వేది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. బొమ్మను ఎంచుకున్నది ఆమె కాదు. ఎక్కడ పొడవాలో చెప్పిందీ ఆమె కాదు. తల్లి చెప్పింది, పొడిచే మనిషి పొడిచింది, ఏడుస్తున్న పిల్లను మేనత్త గట్టిగా పట్టుకుంది. కీళ్ళ నొప్పులకని మోకాలి చుట్టూ చుక్కలు పొడిపించుకున్న ముసలివాళ్ళూ మా వీధిలో ఉండేవారు.

పొడిచేది ఎరుకల ఆడవారు. బుట్టలు అమ్ముతూ, సోది చెబుతూ, పచ్చబొట్లు పొడుస్తూ ఊరూరా తిరిగేవారు. రెండు మూడు సూదులు దారంతో కట్టి, దీపం మసిని ఆకు పసరులో కలిపి, పాట పాడుతూ పొడిచేవారు. పాట పిల్ల ఏడుపు వినపడకుండా ఉండటానికి అని మా మేనత్త అనేది. తరువాత పసుపు రాసేవారు. కూలి సోలెడు బియ్యమో పాత చీరో. మసి నలుపు కదా, బొట్టు పచ్చగా ఎందుకు కనబడుతుందని నాకు చాలాకాలం సందేహం. మసి పైచర్మంలో కాక దాని కింది పొరలో నిలిచిపోతుంది. అంత లోతు నుంచి నలుపు మన కంటికి నీలిపచ్చగా అందుతుంది. పైచర్మం ఎన్నిసార్లు రాలినా అది పోకపోవడానికి కారణం కూడా ఆ లోతే.

పోకపోవడంలోనే దాని అర్థమంతా ఉంది. చచ్చిన తరువాత నగలు ఊడదీస్తారు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే అని మా నాయనమ్మ అనేది. మా తాతగారు పోయిన పదో రోజున ఆమె గాజులు తీశారు, కుంకుమ తుడిచారు. కనుబొమల మధ్య ఆ చుక్క మాత్రం ఎవరి చేతికీ అందలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ తరువాత ఆమె అద్దం చూసుకోవడం నేను చూడలేదు గానీ, వేలితో ఆ చుక్కను తడుముకోవడం చాలాసార్లు చూశాను.

తల్లి పిల్లకు పెట్టిన గుర్తు ఇది. సర్కారు పెట్టిన గుర్తులు వేరు. ఈస్టిండియా కంపెనీవారు 1797లో బెంగాలులో ఒక రెగ్యులేషన్ చేసి, యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వారి నేరాన్ని పచ్చబొట్టుగా పొడిపించారు. నుదురే ఎందుకంటే అక్కడైతే చొక్కాతో కప్పలేడు. కొందరు తలపాగాను కిందికి దించి కట్టుకునేవారట. ఆ పద్ధతిని 1849లో ఎత్తివేశారు. ఆనవాళ్ళ మీద అధికారుల మోజు మాత్రం పోలేదు. బెంగాలులోనే హుగ్లీ జిల్లాలో హెర్షెల్ అనే దొర 1877లో పింఛనుదారుల వేలిముద్రలు తీయించడం మొదలుపెట్టాడు. చనిపోయిన వారి పేరున మరొకరు పింఛను పుచ్చుకుంటున్నారన్న అనుమానమే కారణం. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు కోసం వేలు ఆనించి, ముద్ర పడక విసుక్కునే మన సభ్యులు, ఈ తంతు మనతో మొదలు కాలేదని తెలుసుకుంటే కొంత ఊరట పొందవచ్చు.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గురించి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. ఎరుకల వారినే కొరవలంటూ, వారి ఆడవారు పచ్చబొట్లు పొడవడం గురించి అందులో రాశాడు. రెండేళ్ళకు, 1911లో, నేరస్థ జాతుల చట్టాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. ఎరుకల వారిని రిజిస్టర్లలోకి ఎక్కించారు, వేలిముద్రలు తీశారు, స్టువార్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఊరందరి చేతుల మీద చెరగని గుర్తులు పెట్టిన వారి మీద సర్కారు పుట్టుకతోనే గుర్తు వేసింది. ఆ చట్టం 1952లో రద్దయింది. రిజిస్టరు రాసే ఉద్యోగం చేసినవాడిని గనుక ఈ సంగతి చదివినప్పుడు నాకు కొంచెం కష్టంగా తోచింది.

కష్టానికి సొంత కారణం కూడా ఉంది. 1986లో నేను పనిచేసిన ఆఫీసులో ఒక అటెండరు సర్వీసులోనే చనిపోయాడు. ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. ఆయన భార్య కుటుంబ పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంది. సర్వీసు రిజిస్టరులో ఆయన పేరు చివర "రావు" ఉంది. సర్పంచి ఇచ్చిన ధ్రువపత్రంలోనూ రేషను కార్డులోనూ ఆ "రావు" లేదు, పేరు కూడా ఇంట్లో పిలిచే పొట్టి పేరే. నేను రూలు ప్రకారం క్వెరీ రాశాను. ఇద్దరూ ఒకరేనని రెవెన్యూ వారి నుంచి సర్టిఫికెట్టు తేవాలి.

ఆమె మూడుసార్లు బస్సెక్కి వచ్చింది. మొదటిసారి "మీ ఆయన పేరేమిటమ్మా?" అని అడిగితే పలకలేదు. ఆ తరం ఆడవారు మొగుడి పేరు నోట ఉచ్చరించరని నాకు తెలియనిది కాదు. మా అమ్మా అంతే. అయినా పదిమంది ముందు రెండోసారి గట్టిగా అడిగాను. ఆమె కొంగు తప్పించి ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి, "సూడండి బాబూ, రాసుంది కదా" అంది. పెళ్ళైన ఏడాది తీర్థంలో పొడిపించుకున్నదట. తెలుగులో మూడక్షరాలు, "రావు" లేదు. చదవడం రాని మనిషి, తన చేతి మీది అక్షరాలు తను చదవలేదు. అవి ఏం చెబుతాయో మాత్రం తెలుసు.

నేను డిస్క్రిప్టివ్ రోల్ తీసి, ఆనవాళ్ళ గడిలో "ఎడమ ముంజేతిపై పచ్చబొట్టు" అని రాశాను. ఏం పచ్చబొట్టో రాయలేదు. గడి చిన్నది అనుకున్నాను. నిజానికి రాయాలని తోచలేదు. కాగితాలు రెవెన్యూ వారి దగ్గరికి వెళ్ళాయి, వచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి. ఏడు నెలలు గడిచాక మా సూపరింటెండెంటుగారు ఫైలు తిప్పి, "ఆ బొట్టు మీద ఏం రాసుందయ్యా?" అని అడిగారు. చెప్పాను. "ముప్పై ఏళ్ళ కిందట పొడిపించుకున్న పేరు, ఇవాళ నీ పింఛను కోసం పొడిపించుకుందా? సాక్ష్యం బల్ల మీద పెడితే నువ్వు దాన్ని మచ్చ అని రాశావు" అన్నారు. అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాయించి, గెజిటెడ్ అధికారి చేత ఎటెస్టు చేయించి, తానే రెవెన్యూ ఆఫీసుకు నోటు పంపారు. నెలన్నరలో మంజూరైంది, బకాయిలతో సహా. ఆ ఎనిమిదిన్నర నెలలు ఆమె ఏం తిన్నదో నేను అడగలేదు. డబ్బు తీసుకున్న రోజున నాకు రెండు కొబ్బరికాయలు తెచ్చి ఇచ్చింది. తీసుకున్నాను.

ఈ మధ్య మా పెద్ద మనవడు భుజం మీద డ్రాగన్ బొమ్మ వేయించుకుంటానన్నాడు. వాడికి సైన్యంలో చేరాలని ఉంది. మోచేతి మడత నుంచి మణికట్టు వరకు లోపలివైపు, అరచేతి వెనక, ఈ రెండు చోట్ల తప్ప పచ్చబొట్టు ఉంటే సైన్యంలో తీసుకోరనీ, గిరిజనులకు వారి ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉందనీ చెప్పాను. కొత్త సూది కాకపోతే పచ్చకామెర్ల జబ్బు, ఎయిడ్స్ అంటుకునే ప్రమాదం ఉందని, వేయించుకున్నాక ఏడాదిపాటు రక్తదానం కుదరదని కూడా చెప్పాను. డ్రాగన్ ఎందుకురా అంటే, "బాగుంటుంది తాతయ్యా" అన్నాడు. తన ఒంటి మీద బొమ్మను తనే ఎంచుకుంటున్నాడు, మా నాయనమ్మకు ఆ వీలు లేదు. అందుకని వద్దనలేదు.

వాడి చెల్లెలు మాత్రం పక్కన కూర్చుని అంతా విని, నాయనమ్మ చేతి మీది ఆ తేలు ఎలా ఉండేదో గీసి చూపించమంది. కాగితం తీసుకుని కూర్చున్నాను. తోక వంపు గుర్తుంది. చుక్కలు వరుసకు ఐదా, ఏడా అన్నది ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. మా ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటే ఉంది. అందులో ఆమె చెయ్యి కొంగు కింద ఉంది.