గది పుట్టించిన జబ్బు

నేరం చేసినవాడికి జైల్లో మతి తప్పితే, ఆ లోపం వాడిలోనే ఉందనుకుంటాం. చిన్నతనంలో తిన్న దెబ్బలు, తాగుడు, తలకు తగిలిన గాయాలు, పేదరికం వెంటబెట్టుకుని జైలు గడప తొక్కేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ బయటినుంచి ఏమీ తేకపోయినా, జైలు గది తనంతట తానే జబ్బును పుట్టించగలదు. ఈ సంగతిని వైద్యులు, న్యాయమూర్తులు ఒకసారి కాదు, చాలాసార్లు కనిపెట్టారు. కనిపెట్టిన ప్రతిసారీ అది మరుగున పడింది.

ఈ కథ మొదలుపెట్టినవాళ్లు దుర్మార్గులు కారు. 1787లో ఫిలడెల్ఫియాలో క్వేకర్ శాఖ క్రైస్తవులు, వైద్యుడు బెంజమిన్ రష్ లాంటి పెద్దలు కలిసి జైళ్లను బాగుచేయడానికి ఒక సంఘం పెట్టారు. ఆడా మగా, పిల్లలూ పెద్దలూ, దొంగలూ అప్పు తీర్చలేనివాళ్లూ ఒకే కొట్టులో మగ్గుతున్న కాలమది. ఒక్కొక్కరిని విడిగా ఉంచితే మనిషి తనలోకి తాను చూసుకుని పశ్చాత్తాపపడతాడని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు.

ఆ నమ్మకానికి గట్టి పరీక్ష న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ జైల్లో జరిగింది. 1821 చివర్లో దాదాపు 80 మంది ఖైదీలను పని లేకుండా, తోడు లేకుండా విడి గదుల్లో పెట్టారు. ఏడాది తిరిగేసరికి ఐదుగురు చనిపోయారు, ఒకడికి పిచ్చెక్కింది, ఇంకొకడు తలుపు తీయగానే పై అంతస్తు నుంచి దూకేశాడు. గవర్నరు 26 మందికి క్షమాభిక్ష పెట్టి, ఆ ప్రయోగం ఆపించాడు. కారణం తేలిపోయినట్టే. కానీ ఫిలడెల్ఫియా పెద్దలు దాన్ని వేరేలా చదివారు. ఒంటరితనం మంచిదే, పని ఇవ్వకపోవడమే తప్పన్నారు.

1829లో ఫిలడెల్ఫియాలో ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ అనే జైలు తెరుచుకుంది. ప్రతి గదికీ పైకప్పులో ఒక్క వెలుతురు సందు, వెనక గోడల మధ్య చిన్న పెరడు, ఒక బైబిలు, చెప్పులు కుట్టడమో బట్టలు నేయడమో ఒక పని. గది దాటించాలంటే తలకు ముసుగు. పక్క గదిలో ఎవరున్నారో ఖైదీకి ఏళ్ల తరబడి తెలియదు. 1842లో అక్కడికి వెళ్లిన చార్లెస్ డికెన్స్, ఇది శరీరాన్ని హింసించడంకన్నా ఘోరమని రాశాడు. జైలు వైద్యులకూ ఖైదీల్లో పిచ్చి కనబడుతూనే ఉంది. అయితే వాళ్లు తమ నివేదికల్లో దానికి చూపిన కారణం హస్తప్రయోగం. గదిని తప్పుపట్టలేక మనిషిని తప్పుపట్టారు. ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు.

లండన్‌లో 1842లో తెరిచిన పెంటన్‌విల్ జైలు అదే పద్ధతిలో 18 నెలల ఒంటరితనం విధించింది. తర్వాత ఆ గడువును 9 నెలలకు తగ్గించారు. 1890లో అమెరికా సుప్రీంకోర్టు మెడ్లీ కేసులో పాత అనుభవాన్ని గుర్తుచేసింది. కొద్దికాలం ఒంటరిగా ఉంచినా చాలామంది మొద్దుబారిపోయారని, కొందరు ఉన్మాదులయ్యారని, కొందరు ఆత్మహత్య చేసుకున్నారని జస్టిస్ శామ్యూల్ మిల్లర్ నమోదు చేశాడు. 1913లో ఈస్టర్న్ స్టేట్ ఆ పద్ధతిని వదిలేసింది. దాంతోపాటే పాఠమూ జనం జ్ఞాపకంలోంచి జారిపోయింది.

తర్వాత అదే సంగతి జైలు బయట తేలింది. 1950ల మొదట్లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ హెబ్ బృందం, రోజుకు 20 డాలర్లిచ్చి విద్యార్థులను మెత్తటి మంచాల మీద పడుకోబెట్టింది. కళ్లకు మసక అద్దాలు, చేతులకు తొడుగులు. కడుపునిండా తిండి పెట్టినా చాలామంది కొద్ది రోజులకు మించి ఉండలేకపోయారు. లేనివి కనబడసాగాయి. వాళ్లు నేరస్థులు కారు, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు.

అసలు మలుపు మసాచుసెట్స్‌లోని వాల్‌పోల్ జైలు దగ్గర వచ్చింది. ఏకాంత నిర్బంధం మీద ఖైదీలు కోర్టుకెక్కితే, మానసిక వైద్యుడు స్టువర్ట్ గ్రేసియన్ వాళ్లలో 14 మందిని పరీక్షించాడు. కేసు గెలవడానికి బాధను పెంచి చెబుతారేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అక్కడ జరిగింది అందుకు విరుద్ధం. పిచ్చివాళ్లమనుకుంటారన్న భయంతో వాళ్లు దాచబోయారు. ఓపిగ్గా అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. గొట్టాల్లో నీటి చప్పుడు కూడా భరించలేకపోవడం, గుసగుసలు వినబడటం, ఆలోచన నిలవకపోవడం, ఉన్నట్టుండి గుండెదడ, ఎవరో చంపబోతున్నారన్న భయం, తనను తాను కోసుకోవాలన్న తహతహ. ఒకరితో ఒకరికి మాటల్లేని చోట, అందరిలోనూ ఇంచుమించు అవే లక్షణాలు. ఒంటరితనం నుంచి తప్పించగానే తీవ్ర లక్షణాలు త్వరగా తగ్గాయి. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇదేనని నాకనిపిస్తుంది. గది మారితే తగ్గే జబ్బుకు మూలం గదిలోనే ఉండాలి.

గ్రేసియన్ ఈ పరిశీలనలను వ్యాసంగా ప్రచురించింది 1983లో. సరిగ్గా అదే ఏడాది ఇద్దరు వార్డర్ల హత్య తర్వాత, ఇలినాయ్‌లోని మారియన్ ఫెడరల్ జైలు ఖైదీలను దాదాపు రోజంతా గదుల్లోనే బంధించడం మొదలుపెట్టింది. 1989లో కాలిఫోర్నియాలో పెలికన్ బే జైలు అదే పనికోసం కట్టినట్టుగా తెరుచుకుంది.

మనోవ్యాధి ఉన్నవాళ్లే ఒంటరి గదుల్లో తేలతారు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి 2014లో న్యూయార్క్ నగర జైళ్ల లెక్కలు జవాబిచ్చాయి. జైలుకొచ్చినవాళ్లలో ఏకాంత నిర్బంధం చూసినవాళ్లు 7.3 శాతమే, కానీ తమను తాము గాయపరచుకున్న ఘటనల్లో 53.3 శాతం వాళ్లవే. వయసు, తీవ్ర మనోవ్యాధి, జైల్లో ఉన్న కాలం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా వాళ్లకు ఆ ముప్పు దాదాపు ఏడు రెట్లు. 2015లో ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు వరుసగా 15 రోజులకు మించిన ఒంటరి నిర్బంధాన్ని నిషేధించాయి.

మన దేశంలో 1978లోనే సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు, ఉరిశిక్ష పడ్డ ఖైదీని జైలు అధికారులు తమంతట తాము ఏకాంతంలో పెట్టడానికి వీల్లేదంది. అయినా కోర్టు ఏకాంత నిర్బంధం విధించవచ్చన్న 1860 నాటి శిక్షాస్మృతి సెక్షన్లు, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి 11, 12 సెక్షన్లుగా నడిచొచ్చాయి. మొత్తం మూడు నెలల దాకా, విడతకు 14 రోజులకు మించకుండా. ఇంత తెలిశాక కూడా కొత్త చట్టంలో వీటికి చోటివ్వడం తప్పు. ఆ రెండు సెక్షన్లనూ పార్లమెంటు రద్దు చేయాలి.