కోయంబత్తూరు, మధురలలో పనిబడి: తెలుగువారి వాణిజ్యవిద్యా చరిత్రమునుండి కొన్ని ఘట్టములు

వ్యాపార నిర్వహణమును బడిలో నేర్పవచ్చునా, లేక అంగడిలోను మిల్లులోను చేసి నేర్చుకొనవలసినదేనా యను ప్రశ్న పలు దేశములలో చర్చకు వచ్చినది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము 1908లో వాణిజ్య పాఠశాలను స్థాపించి, 1920 తరువాత, నిజముగా జరిగిన వ్యవహారములను విద్యార్థుల ముందుంచి "నీవైనచో ఏమి చేయుదువు?" అని యడుగు పద్ధతిని చేపట్టినది. 1961లో అహమ్మదాబాదున వెలసిన నిర్వహణ విద్యాసంస్థ హార్వర్డు సహాయముతో ఆ పద్ధతినే మన దేశమునకు తెచ్చినది. అంతకు ముందే కొంగునాటి తెలుగు కుటుంబములు ఈ ప్రశ్నకు తమ రీతిలో సమాధానము చెప్పియున్నవి. అందలి మేలును, లోపమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1529 మొదలు 1736 వరకు సాగిన మధుర నాయకరాజుల పాలనమును, ఆ కాలమున తెలుగువారు దక్షిణమున స్థిరపడిన తీరును పాఠకులెరుగుదురు గనుక మరల వ్రాయను. మనకు కావలసినది అటుపిమ్మటి కథ. కోయంబత్తూరు నల్లరేగడి నేలలలో పత్తి పండించిన తెలుగు రైతులు క్రమముగా పత్తి వర్తకులైరి. 1888లో రాబర్టు స్టేన్సు ఆ పట్టణమున నూలుమిల్లు నెలకొల్పెను. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లులకు పునాది వేసెను. 1930 దశాబ్దమున పైకారా జలవిద్యుత్తు అందుటతో మిల్లులు విస్తరించినవి. ఈ మార్పు జరిగిన కాలమున వీరికి వాణిజ్య కళాశాల యేదియు లేదు. పింజను వ్రేళ్ల నడుమ లాగి పొడవు కనుగొనుట, తూకపు మోసమును పసిగట్టుట, అరువు ఎవరికీయవచ్చునో, ఎవరికీయరాదో మొగము చూచి తెలిసికొనుట – ఇవి తండ్రి వెంట గిన్నింగు మిల్లుకు నడచిన బాలుడు నేర్చిన పాఠములు.

ఈ పద్ధతిని మెచ్చుకొనువారు ఒక సంగతిని మరచుచుందురు. అది కొడుకునకు, మేనల్లునకు, అల్లునకు తెరచిన బడి. అదే మిల్లులో బస్తాలు మోసిన కూలివాని కుమారునకు ఆ చదువు లేదు. వాడు కన్నులార చూచినను లెక్కపుస్తకము వాని చేతికి రాలేదు. చేసి నేర్చుకొనుట గొప్పదే. చేయుటకు చోటు ఎవరికి దొరకుచున్నదన్నదే అసలు ప్రశ్న.

ఆ తలుపు కొంతవరకు తెరచినది పీలమేడు. అచట 1924లో ఏర్పడిన ఉన్నత పాఠశాలకు 'సర్వజన' అని పేరిడిరి. ఆ పేరులోనే ఉద్దేశమున్నది. పి.యస్. గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కుమారులు 1926లో కుటుంబపు ఆస్తిని ఐదు భాగములు చేసి, ఐదవ భాగమును ధర్మమునకు విడిచిరి. ధర్మమును ఐదవ అన్నదమ్మునిగా లెక్కించిరని పీలమేడు వాసులు నేటికిని చెప్పుదురు. ఆ ధర్మము నుండి అదే సంవత్సరము పారిశ్రామిక సంస్థ పుట్టినది. ఆ పిమ్మట 1939లో పాలిటెక్నికు, 1951లో జి.ఆర్. దామోదరన్ గారు ప్రిన్సిపాలుగా సాంకేతిక కళాశాల వెలసినవి. కర్మాగారము కళాశాల ప్రక్కనే యుండుట ఇందలి విశేషము. పంపులు, మోటార్లు, లేతులు అమ్మకమునకే తయారగు చోట విద్యార్థి పనిచేయును. అభ్యాసమునకై చేసి పారవేయు ముక్క వేరు, కొనువాడు రేపు తిరిగి తెచ్చి ముఖమున కొట్టగల ముక్క వేరు. ఖరీదు, నాణ్యము, గడువు అను మూడు మాటలును ఆ రెండవ ముక్క వలననే బోధపడును.

ఇచట జి.డి. నాయుడు గారిని తలపక తీరదు. 1893లో కలంగల్ గ్రామమున తెలుగు రైతు కుటుంబమున జన్మించిన ఈయన బడిచదువు మిక్కిలి స్వల్పము. హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక ఆంగ్లేయ అధికారి యొద్ద మోటారు సైకిలు కొని, దానిని విప్పి, మరల బిగించి యంత్రవిద్య నేర్చెను. 1920లో పొల్లాచి–పళని దారిలో ఒక్క బస్సుతో మొదలిడిన వ్యాపారమును పెద్ద రవాణా సంస్థగా పెంచెను. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కూడి దేశములో తొలి విద్యుత్ మోటారుగా పేరుగొన్న దానిని చేయించెను. 1945లో గవర్నరు ఆర్థర్ హోపు పేరిట ఇంజనీరింగు కళాశాల ఏర్పడినప్పుడు దానికి ఆయనయే తొలి ప్రిన్సిపాలు. నాలుగేండ్ల చదువు కాలహరణమనియు, రెండేండ్లలో నేర్పవచ్చుననియు ఆయన వాదించెను. ప్రభుత్వము సమ్మతింపలేదు, ఆయన పదవిని వదలుకొనెను.

ఈ వివాదమున నాకు ఆయన పక్షము పూర్తిగా వహింప మనసొప్పదు. మోటారు సైకిలు విప్పి చూచి విద్వాంసుడగువానికి ఏండ్ల లెక్క యేల? కాని పట్టా యనునది బీదయింటి పిల్లకు ఉద్యోగపు తలుపు తాళపుచెవి. దానిని చులకన చేయుట కలిగినవారికే చెల్లును. అయినను చేతితో తాకని చదువును గూర్చి ఆయన పడిన అసహనము న్యాయమైనదే.

మధురకు వత్తము. వడమలాపురమున 1918లో తెలుగు వ్యవసాయ కుటుంబమున జన్మించిన డాక్టరు జి. వెంకటస్వామి గారు ప్రభుత్వోద్యోగము విరమించిన పిమ్మట 1976లో పదునొకండు పడకలతో అరవింద నేత్ర వైద్యశాలను ప్రారంభించిరి. కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయినను కత్తి పట్టుట తామే మరల అభ్యసించినవారాయన. పల్లెలనుండి వచ్చిన బాలికలకు రెండేండ్లు పనిలోనే శిక్షణ యిచ్చి, శస్త్రవైద్యుని చుట్టునుండు పనులన్నియు వారిచే చేయించిరి. వైద్యుడు ఒక బల్ల నుండి మరియొక బల్లకు తిరుగునంతలో వారు రోగిని సిద్ధపరతురు. డబ్బిచ్చువారి రాబడితో ఈయలేనివారికి ఉచితముగా చూపు వచ్చును. 1993లో ఈ వైద్యశాల వ్యవహారమును హార్వర్డు వాణిజ్య పాఠశాల ఆచార్యుడు వి. కస్తూరి రంగన్ పాఠముగా వ్రాసెను. అంతకు ఒక సంవత్సరము ముందే, 1992లో, ఇతర వైద్యశాలలకు నిర్వహణము నేర్పు సంస్థను అరవిందవారు మధురలోనే స్థాపించియుండిరి. పీలమేటిలో బంధువర్గము దాటి బయటికి వచ్చిన పనిబడి, మధురలో పల్లెపడుచుల వరకు వచ్చినది.

ఇంత జరిగినను ఈ చరిత్ర తెలుగులో మిక్కిలి తక్కువగా వ్రాయబడినది. ఇంటిలో తెలుగు, లెక్కలలో తమిళము, కళాశాలలో ఇంగ్లీషు అను ఏర్పాటు ఇచటి కుటుంబములలో పాతదే. 2006 నాటి తమిళ విద్యా చట్టము తరువాత బడిలో తెలుగునకు మిగిలిన సమయము మరింత తగ్గినది. తెలుగు బోధించువాడను గనుక, పద్యము వల్లె వేయించుటకు బదులుగా ఒకసారి తొమ్మిదవ తరగతివారిని తమ యింటి కొట్టు లేక వర్కుషాపు యొక్క ఒక దినపు జమాఖర్చు తెలుగున వ్రాసి తెమ్మంటిని. జమ, ఖర్చు, బాకీ, అరువు, బయానా – ఈ మాటలన్నియు వారు అవ్వ నోట వినినవే. అక్షరములు మాత్రము కూడబలుకుకొనవలసి వచ్చెను. ఒక బాలుడు తెలుగు మాటలనే తమిళ లిపిలో వ్రాసి తెచ్చెను. లెక్క తప్పు లేకుండెను. దానిని దిద్దక, ప్రక్కనే తెలుగు లిపిలో వానిచేత వ్రాయించితిని. రెండు వరుసలును కూడి చూచిన వాడు, ఐదు రూపాయల తేడా తమ నాయన లెక్కలోనే యున్నదని కనిపెట్టెను.