నాలుగు పేర్ల గబ్బిలం

శాస్త్రజ్ఞులు జీవులకు పెట్టే పేర్లు అచ్చం మన పేర్లలాగే ఉంటాయి. ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. మనకైతే పెళ్లి కాగానే ఇంటిపేరు మారిపోతుంది. మెక్సికోలో పువ్వుల తేనె తాగి బతికే ఒక గబ్బిలానికి మాత్రం ఇంటిపేరు అలాగే ఉండి, సొంతపేరే మారుతూ వచ్చింది. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కదా, నాకు ఆ గబ్బిలం కన్నా దాని పేర్ల కథే ఎక్కువ నచ్చింది.

ఇంటిపేరు లెప్టోనిక్టెరిస్. 1860లో సొస్యూర్ అనే ఆయన మెక్సికోలోని ఒక మంచుకొండ మీద దొరికిన గబ్బిలానికి 'నివాలిస్' అని పేరు పెట్టాడు. మంచుకి సంబంధించినది అని అర్థం. మన గబ్బిలాన్నీ చాలాకాలం ఆ గాటనే కట్టేశారు. 1940లో మెక్సికో పండితులిద్దరు అది దొరికిన ఊరి పేరు మీద 'యెర్బబ్వేనే' అన్నారు గానీ, నివాలిస్‌లో ఒక శాఖగానే చూపారు. 1957లో ఒక అమెరికన్ ఆచార్యుడు 'కాదు, ఇది వేరే జాతే' అంటూ 'సాన్‌బోర్ని' అన్నాడు. 1988లో ఇంకొందరు కురసావ్ దీవి గబ్బిలాలతో కలిపేసి 'కురసోయె' అన్నారు. చివరికి ఆ ఊరిపేరే ఖాయమైంది.

ఇంతకీ నివాలిస్‌కీ దీనికీ తేడా ఎంతనుకున్నారు? దీని రెక్కలో మూడోవేలి కొస ఎముక కాస్త పొట్టి. తోక దగ్గరి పొర అంచున వెంట్రుకలు తక్కువ. అంతే!

ఈపాటిదానికి ఇంత రాద్ధాంతమా అంటారేమో. వసంతం వచ్చేసరికి ఈ ఆడగబ్బిలాలు నిండు చూళ్లతో, పూసిన జెముడునీ కిత్తలినీ వెతుక్కుంటూ వందల మైళ్లు ఉత్తరానికి ఎగిరి, సొనోరా ఎడారి గుహల్లో పురుడు పోసుకుంటాయి. మగవాటిలో చాలామట్టుకు దక్షిణాదినే ఉండిపోతాయి (వేరే చెప్పాలా!). టెకీలా సారా కోసం కిత్తలి పెంచే రైతులేమో పూలకాడ రాగానే నరికేస్తారు, తీపంతా దుంపలోనే నిలవాలని. ఇక వీటికి తిండేదీ?

1988లో అమెరికా ప్రభుత్వం మన గబ్బిలాన్నీ, నివాలిస్‌నీ కూడా అంతరించిపోతున్న జీవుల పట్టికలో చేర్చింది. అప్పటి లెక్కలో మనవి వెయ్యికి లోపే. 2018 నాటికి రెండు లక్షలయ్యాయి. గండం గడిచిందని పట్టికలోంచి తీసేశారు. అలా కోలుకుని బయటపడ్డ గబ్బిలాల్లో అక్కడ ఇదే మొదటిది. నివాలిస్ మాత్రం పాపం, ఆ పట్టికలోనే ఉండిపోయింది. ఆ వేలి ఎముకని ఎవరూ కొలవకపోయి ఉంటే, రెండింటినీ ఒకే లెక్కలో వేసి, దాన్నీ ఆనాడే కొట్టేసి ఉండేవారు.