మాడిసన్ మెయిన్ స్ట్రీట్: పాత ఊరు, కొత్త వ్యాపారం

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఒహాయో నది ఒడ్డున 1809లో వెలసిన ఊరు మాడిసన్. ఆ రోజుల్లో సరుకంతా నది మీదే నడిచేది. ఆవిరి పడవలు ఆగే రేవు కావడంతో ఊరు త్వరగానే కలిగినదైంది. పందిమాంసానికి ఉప్పు పట్టించి పీపాలకెత్తి ఎగుమతి చేసే వ్యాపారం జోరుగా సాగేది. ఇండియానాలో మొదటి రైలు మార్గం పనులు 1836లో మొదలైంది ఇక్కడినుంచే. ఏటిగట్టు నుంచి ఎగువనున్న మెట్ట మీదికి రైలు చేరాలంటే సున్నపురాతి కొండను నిలువునా కోయక తప్పలేదు. ఆ దారి వాలు 5.89 శాతం, అంటే నూరడుగులు పోయేసరికి దాదాపు ఆరడుగులు ఎక్కాలి. 1847లో ఆ మార్గం రాజధాని ఇండియానాపొలిస్‌ను చేరింది. అప్పటికే లేనియర్ అనే బ్యాంకరు నదికి ఎదురుగా ఎత్తైన స్తంభాలతో భవంతి కట్టించుకున్నాడు. 1844లో పూర్తయిన ఆ ఇంటికి రూపమిచ్చింది ఫ్రాన్సిస్ కాస్టిగన్.

పదేళ్లు తిరక్కుండానే వేరే ఊళ్లనుంచి ఇండియానాపొలిస్‌కు రైళ్లు పడ్డాయి. కొండ ఎక్కక్కర్లేని దారులుండగా సరుకు మాడిసన్‌కు ఎందుకొస్తుంది? ఊరు ఎదగడం ఆగిపోయింది. పాత ఇటుక దుకాణాలను కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేక, 19వ శతాబ్దపు వీధులు చాలావరకు అలాగే నిలిచిపోయాయి. మాడిసన్‌ను మొదట కాపాడింది డబ్బు లేకపోవడమే. చట్టాలూ సంఘాలూ వచ్చింది ఆ తరవాత. రెండో ప్రపంచ యుద్ధం నాడు సగటు అమెరికన్ పట్టణాన్ని లోకానికి చూపించాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, దర్శకుడు జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ ‘ది టౌన్’ అనే చిన్న చిత్రాన్ని తీసింది ఇక్కడే.

యుద్ధం ముగిశాక చిన్న పట్టణాల నడిబొడ్డుకు రెండు వైపులనుంచి దెబ్బ తగిలింది. 1949 గృహనిర్మాణ చట్టం కింద శిథిలమైన పేటలను కొని, నేలమట్టం చేసి, స్థలాన్ని బిల్డర్లకు అమ్మే పథకం మొదలైంది. నికర ఖర్చులో మూడింట రెండు వంతులు కేంద్రం భరించేది. 50,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకైతే 1961 నుంచి ఈ వాటా నాలుగింట మూడు వంతులకు పెరిగింది. కూల్చడానికి ఇంత సాయం దొరుకుతుంటే మరమ్మతు మాటెత్తే మున్సిపాలిటీ అరుదు. కూల్చిన చోట కొత్త భవనం రాక, కార్ల పార్కింగుకే మిగిలిపోయిన స్థలాలు ఎన్నో. రెండో దెబ్బ హైవేలది. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. అదే ఏడాది మినసోటాలోని ఎడైనాలో పూర్తిగా కప్పు వేసిన మాల్ సౌత్‌డేల్ తెరుచుకుంది. మెయిన్ స్ట్రీట్ అంటే ఊరి ప్రధాన బజారు. బేరాలు తగ్గిన అక్కడి దుకాణదారులు తామూ మాల్‌లా కనబడాలని పాత ఇటుక గోడల ముందు అల్యూమినియం రేకులు బిగించారు. రేకు చదునుగా కూర్చోవడానికి కొన్నిచోట్ల చూరు కింది నగిషీ పట్టీలను చెక్కేశారు. పై అంతస్తుల కిటికీలు మూసుకుపోయాయి.

పాత కట్టడాల రక్షణకు చట్టాలు లేకపోలేదు. దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ 1931లోనే చారిత్రక ప్రాంతాన్ని గుర్తిస్తూ నిబంధనలు చేసింది. 1966లో జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం వచ్చి, దాని కింద జాతీయ రిజిస్టరు ఏర్పడింది. అయితే ఈ రిజిస్టరుకెక్కినంత మాత్రాన, సొంత డబ్బుతో తన భవనాన్ని కూల్చుకునే యజమానిని అది ఆపలేదు. ఆపగలిగేది ఊరు చేసుకున్న స్థానిక నిబంధనే. మాడిసన్‌లో 1960లో జాన్ విండిల్ స్థాపించిన ‘హిస్టారిక్ మాడిసన్’ సంస్థ ప్రమాదంలో ఉన్న ఇళ్లను కొని బాగుచేయించింది. గుర్రపు జీనుల్లో వాడే చెక్క చట్రాలను 1878 నుంచి 1972 దాకా తయారుచేసిన ష్రోడర్ కార్ఖానా కూడా ఆ సంస్థ చేతిలో మ్యూజియంగా మారింది. 1973లో 133 బ్లాకుల పాత ఊరు మొత్తం రిజిస్టరుకెక్కింది. కానీ ఊళ్లోని ప్రతి కొట్టునూ మ్యూజియం చెయ్యలేరు కదా. అద్దె రాని మేడకు ఏ గుర్తింపు ఫలకమూ పైకప్పు వేయించదు.

ఈ చిక్కు మీద 1977లో నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ షికాగో కార్యాలయం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. దాన్ని నడిపింది మేరీ మీన్స్. పోటీపడ్డ సుమారు 70 పట్టణాల్లోంచి ఇలినాయిలోని గేల్స్‌బర్గ్, దక్షిణ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్, వాటితోపాటు మాడిసన్ ఎంపికయ్యాయి. ఒక్కో ఊరికి పూర్తికాలం మేనేజరును పెట్టారు. మాల్‌కు మేనేజరు ఉన్నప్పుడు బజారుకెందుకు ఉండకూడదన్నది వాళ్ల తర్కం. దుకాణదారులను ఒక సంఘంగా కూర్చడం, పండగలూ అమ్మకాలూ ఏర్పాటు చెయ్యడం, ఖాళీ కొట్లకు ఏ వ్యాపారం నప్పుతుందో లెక్కవెయ్యడం, ముందుగోడలకు తక్కువ ఖర్చులో పాత రూపం తేవడం అతని పని.

ఈ చివరి పనిలోనే పనితనం ఎక్కువ కావాలి. రేకులు విప్పాక బోల్టుల బెజ్జాలు పూడ్చాలి. పాత రంగు పోగొట్టడానికి ఇసుకను ఒత్తిడితో కొడితే ఇటుక మీద కాలి గట్టిపడ్డ పైపొర లేచిపోయి లోపలి మెత్తటి భాగం నీరు పీలుస్తుంది. అందుకే ఆ పద్ధతి వద్దన్నారు. ఇటుకల మధ్య సందులు పూడ్చడానికి సిమెంటు వాడినా ముప్పే. పాత సున్నం గచ్చు గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది, గోడ కదిలితే తానూ కాస్త కదులుతుంది. సిమెంటు రెంటికీ ఒప్పుకోదు, చివరికి పగిలేది ఇటుకే. తెలుగునాట గానుగ సున్నంతో కట్టిన పాత మండువా లోగిళ్లకు సిమెంటు పూత వేయించినప్పుడు గోడలు చెమ్మెక్కేదీ ఇందువల్లే.

మూడేళ్లలో గేల్స్‌బర్గ్‌లో ముప్పైకి పైగా కొత్త వ్యాపారాలు వచ్చాయి, 95 శాతం కొట్లు నిండాయి. ఈ ప్రయోగాన్ని దేశమంతటికీ విస్తరించడానికి 1980లో మెయిన్ స్ట్రీట్ కేంద్రం ఏర్పడింది. దీనికి పన్ను చట్టం కూడా కలిసొచ్చింది. ఆదాయం తెచ్చే చారిత్రక భవనాన్ని ప్రమాణాల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 25 శాతం పన్నులోంచి మినహాయించుకోవచ్చని 1981లో చట్టం చేశారు, 1986లో దాన్ని 20 శాతానికి తగ్గించారు.

దీంతో అన్నీ చక్కబడ్డాయనడానికి లేదు. మాడిసన్‌లో రోజువారీ కొనుగోళ్లు చాలావరకు మెట్ట మీది క్లిఫ్టీ డ్రైవ్ దుకాణాలకు తరలాయి. కింద పాత బజారు కానుకల కొట్లు, భోజనశాలలు, పర్యాటకుల మీద ఎక్కువగా ఆధారపడింది. గుమ్మాల రంగు నుంచి కిటికీల దాకా ప్రతిదానికీ స్థానిక నిబంధనలు చూసే సమీక్ష మండలి ఒప్పుకోవాల్సి వస్తుందన్నది ఇలాంటి చారిత్రక ప్రాంతాల్లో ఇంటివాళ్ల పాత ఫిర్యాదు. 2006లో మాడిసన్‌కు జాతీయ చారిత్రక స్థలంగా ఇంకా పెద్ద గుర్తింపు వచ్చింది. 2009 మేలో 1850ల నాటి కోర్టు భవనం గుమ్మటం మంటల్లో కాలిపోయింది. అప్పుడక్కడ జరుగుతున్నది మరమ్మతు పనే. దాన్ని తిరిగి కట్టుకున్నారు. 1884లో నది ఒడ్డున కట్టి, చాలా ఏళ్లు ఖాళీగా పడి ఉన్న నూలు మిల్లు 2021లో హోటలుగా తెరుచుకుంది. నడిపేది దేశమంతా హైవేల పక్కన ఒకే మూసలో హోటళ్లున్న పెద్ద సంస్థ పేరు మీదే, గోడలు మాత్రం మిల్లువే.